పరీక్ష పాట

పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని నామాలు చదువుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చదువుతున్నది నేనేనా, లేక నోరు తన పని తాను చేసుకుపోతోందా అన్న అనుమానం కూడా ఏళ్ళ తరబడి నాతోనే ఉంది. సగం నామాలు అయ్యేసరికి ఒక్కోసారి నా మనసు దుకాణంలో గాజు పలక కోస్తూ ఉంటుంది. అయినా ఒక్క నామం తప్పిపోదు. తప్పిపోకపోవడమే నాకు గుబులు. ఒకరిద్దరు పెద్దల్ని అడిగి చూశాను. మంచి అలవాటేగా, ఎందుకంత ఆలోచన అన్నారు. మంచిదే. కానీ అలవాటు చేసిన పూజ ఎవరు చేసినట్టు? ఆ మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ అనుమానానికీ, రాక్ సంగీతం గురించి మా దుకాణంలో జరిగే గొడవకీ సంబంధం ఉంటుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

నాది పటాలకు ఫ్రేములు కట్టే పని. మా దుకాణం ఒకప్పుడు ఒకటే పెద్ద గది. నా భార్య తమ్ముడు సొంతంగా పని పెట్టుకుంటానన్నప్పుడు మధ్యలో ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి రెండు చేశాం. ఇటు నేను, అటు మా బావమరిది. వాడు పాడైన స్పీకర్లు బాగుచేస్తాడు. చిరిగిన కాగితపు కోన్ తీసి కొత్తది అంటిస్తాడు, కాలిన తీగచుట్ట మారుస్తాడు, పెట్టె బిగించి పాట పెట్టి వింటాడు. వినడంలోనే వాడి పనితనమంతా ఉంది. ఏ స్క్రూ వదులుగా ఉందో, ఏ జిగురు సరిగా ఆరలేదో శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడని పేరు. బజారులో వాణ్ణి అందరూ 'చెవి' అనే పిలుస్తారు. "చెవి దగ్గర వేసిరా" అంటే చాలు, ఎక్కడికి వెళ్ళాలో స్పీకర్లు మోసేవాళ్ళకి తెలుసు.

వాడు పరీక్షకి పెట్టేది ఎప్పుడూ ఒకటే పాట. డెబ్భైల నాటిది. దానికి పరీక్ష పాట అని పేరు పెట్టుకున్నాడు. చెక్క గోడకి ఇవతల నాకు అందులో దబ్బు దబ్బుమనే మోత తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ మోతకి నా మేకుల డబ్బా బల్ల మీద తనంతట తాను జరుగుతుంది. పాట అయ్యేలోపు డబ్బా కింద పడకుండా పట్టుకోవడం నా పని.

నిజానికి ఆ పాటని కూర్చుని వింటానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను. మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో ఇంట్లో రోజంతా నామజపం పెట్టుకున్నాం. వాడికి దేవుడి మీద పెద్దగా పట్టింపు లేదు. అయినా మొదటి నుంచి చివరిదాకా కదలకుండా మఠం వేసుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు తిమ్మిరెక్కిన కాళ్ళు రుద్దుకుంటూ, "బావా, మీ దేవుడి పేర్లన్నీ విన్నాను. ఇక మీరు నాకు ఒక పాట బాకీ. మధ్యలో లేవకూడదు" అన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత నాలుగైదుసార్లు కూర్చున్నాను కూడా. ప్రతిసారీ ఎవరో గిరాకీ పిలవడమో, పొయ్యి మీది జిగురు పొంగడమో, లేదంటే నాకే తోచకపోవడమో. సగంలో లేచి వచ్చేసేవాణ్ణి. వాడు పాట ఆపేసి పనిలో పడేవాడు. ఎప్పుడైనా వాళ్ళక్క ముందు మాత్రం, "బావ నాకు బాకీ ఉన్నాడక్కా, ఎగ్గొట్టేలా ఉన్నాడు" అని నవ్వేవాడు.

గొడవ సంగతికొస్తాను. సభలకీ పెళ్ళిళ్ళకీ సౌండు పెట్టెలు అద్దెకిచ్చే ఆవిడ ఒకామె ఉంది. తన వ్యాను తనే నడుపుతుంది. అందుకే అందరికీ ఆమె వ్యానక్క. మా వాడికి మొదటి నుంచీ గిరాకీ, స్నేహితురాలు, ప్రత్యర్థి, అన్నీ ఆవిడే. రాక్ సంగీతం డెబ్భైలతోనే అయిపోయిందని వీడు, తొంభైల దాకా అసలు మొదలే కాలేదని ఆవిడ. టీ వచ్చిందంటే ఇది మొదలు. నలుగురు మనుషులు ఒకే గదిలో నిలబడి వాయించేవాళ్ళు, తప్పు దొర్లితే తప్పుతో సహా రికార్డయ్యేది, అందుకే దాన్లో ప్రాణం ఉంది అనేవాడు మా వాడు.

"ప్రాణం సరే, ముగింపేది? మీ వాళ్ళు గిటారు అందుకుంటే నేను వ్యాను కడుక్కుని, టైర్లకి గాలి పట్టించుకుని వచ్చినా ఇంకా అక్కడే ఉంటారు" అనేది వ్యానక్క.

"మీ వాళ్ళది పాట కాదక్కా, గొంతు నొప్పి. మాత్ర వేసుకుంటే తగ్గేది."

ఒకసారి నేను ఉండబట్టలేక, మీ ఇద్దరికీ మీసాలొచ్చే వయసులో ఏ పాటలు ఉండేవో అవే గొప్పవేమో ఆలోచించండి అన్నాను. నాకు మీసాలేమిటన్నయ్యగారూ అని వ్యానక్క, డెబ్భైల్లో నేను పుట్టనే లేదు బావా అని వీడు, ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. వీడికి ఆ పాటలు వాళ్ళ నాన్న పాత రికార్డుల్లోంచి వచ్చాయట. నా మాట అక్కడితో వీగిపోయింది.

ఈ మధ్య మా వాడు కొత్త వాదన ఒకటి పట్టుకున్నాడు. డ్రమ్ముల మీద స్టాండుకి బిగించిన ఇత్తడి పళ్ళెం ఒకటి ఉంటుంది. పుల్లతో తాకిస్తే ఇస్సుమని నీళ్ళు చిమ్మినట్టు మోగుతుంది. తర్వాతి కాలం పాటల్లో ఆ పళ్ళెమే లేదంటాడు. ఉన్నా దాని మీద దుప్పటి కప్పి కొట్టినట్టుందంటాడు. వ్యానక్క మొదట నవ్వింది. మా పాటల్లో ఉన్నదంతా పళ్ళెమే కదయ్యా, తల నొప్పెడుతోందని మా ఇంట్లో గోల కూడానూ అంది. వాడు వినలేదు. మళ్ళీ మళ్ళీ అదే మాట అనసాగాడు. అంటూ గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. తీగలు అతికే టంకం కడ్డీ చేత్తో పట్టుకుని దేనికి పట్టుకున్నాడో మరిచిపోయేవాడు. ఒకప్పుడు మనిషి ఇంత చిరాగ్గా ఉండేవాడు కాదు.

చివరికి వ్యానక్కే తీర్పు పెడదామంది. ఆమె పెట్టె ఒకటి అప్పుడే బాగై సిద్ధంగా ఉంది. అదే పెట్టెలో డెబ్భైల పాట ఒకటి, తొంభైల పాట ఒకటి వేయాలి. తీర్పరిని నేను.

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

"అందుకే మీరు. రెండూ మీకు గోలే కదా, పక్షపాతం ఉండదు" అంది.

ఆదివారం మధ్యాహ్నం అటు గదిలోకి వెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఒక పక్క జిగురు వేసి వచ్చిన ఫ్రేము గుర్తొస్తోంది. మా వాడు ముందుగా తన పరీక్ష పాట పెట్టాడు. పళ్ళెం ఎక్కడ మోగుతుందో చూసుకోండి బావా, దాని గొప్పంతా అక్కడే ఉందని చెప్పి కళ్ళు మూసుకున్నాడు. పాట సాగుతుంటే కుడిచేతి చూపుడువేలు గాల్లోకి లేచింది. "ఇదిగో" అంటూ వేలితో తాకించాడు. కాస్త ఆగి మళ్ళీ, "ఇదిగో."

నాకేమీ వినపడలేదు. గోడకి ఇవతల రోజూ వినే మోతే, కాస్త దగ్గరగా. నా అజ్ఞానమే అనుకున్నాను. తల తిప్పి చూస్తే వ్యానక్క వాడి వేలు చూడటం లేదు, పెట్టెని చూస్తోంది. మెల్లగా లేచి వెళ్ళి పెట్టె పైభాగంలో ఉండే చిన్న స్పీకరు దగ్గర చెవి పెట్టింది. సన్నటి శబ్దాలన్నీ అందులోంచే రావాలి, దాన్ని ట్వీటర్ అంటారు. చెవి పెట్టి, తీసి, నా వైపు చూసింది. మా వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. వేలు లేస్తోంది, పడుతోంది. ముఖం వెలిగిపోతోంది.

తర్వాత ఆవిడ పాట వేశారు. అది అవుతూండగానే మా వాడు చప్పట్లు కొట్టి, "చూశావా అక్కా, ఎక్కడైనా ఒక్క పళ్ళెం ఉందా? చెప్పండి బావా" అన్నాడు.

నిజమే, లేదు. కానీ మొదటి దాంట్లోనూ లేదు. వ్యానక్క కనురెప్పలతోనే వద్దన్నట్టు సైగ చేసింది. ఇంకోసారి వింటే గానీ తీర్పు చెప్పలేనని నేను గొణిగాను. తప్పించుకోవడంలో మా బావని మించినవాళ్ళు లేరని వాడు నవ్వాడు.

ఫ్రేము చూసుకోవాలని బయటికొచ్చాను. ఆవిడ నా వెనకే వచ్చి, వ్యాను చాటున నిలబడి చెప్పింది. ట్వీటర్ తీగ ఊడిపోయి ఉంది, అది మోగడం లేదు. ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. ఇంతకు ముందు తీసుకెళ్ళినవి కూడా ఇంటి దగ్గర తనే విప్పి, తీగ అంటించుకుంది. మిగతా గిరాకీలు ఊరుకుంటారా? ఒకరిద్దరు ఇప్పటికే వేరే చోటికి వెళ్తున్నారు. వాడికి ఆ సన్న శబ్దాలు వినపడటం మానేశాయి. మానేసినట్టు వాడికి తెలియదు.

"మరి ఇదిగో ఇదిగో అన్నాడే?"

"అది పెట్టెలోంచి వచ్చింది కాదన్నయ్యగారూ. వాడి లోపలి నుంచి వచ్చింది. కంఠతా వచ్చిన పాట కదా, లేని చోట వాడి బుర్రే మోగించుకుంటోంది. నా పాట వాడికి రాదు, అందుకే దాంట్లో ఏమీ లేదంటాడు."

మరి నువ్వే చెప్పొచ్చు కదమ్మా అన్నాను. ఆవిడ వ్యాను తలుపు తెరిచి, మళ్ళీ మూసింది. "నేను చెబితే వాదన గెలవడానికి చెప్పాననుకుంటాడు. ఇన్నేళ్ళూ పోట్లాడి పోట్లాడి, నా మాటకి వాడి దగ్గర విలువ లేకుండా చేసుకున్నాను. మీరే చెప్పాలి. ఇంకో గిరాకీ చెబితే వాడు తట్టుకోలేడు."

ఆ తర్వాత నాకు ఏ పనీ నడవలేదు. గాజు కొలత తీసుకుని చెక్క మీద గీశాను. గోడకి అవతల మోత మొదలవ్వగానే లేచి గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి, చెప్పులేసుకుని మళ్ళీ వదిలేసేవాణ్ణి. చెవి అని పేరున్న మనిషి దగ్గరికెళ్ళి నీకు చెవులు పోతున్నాయని ఎలా చెప్పడం? వాడికి వేరే పని రాదు. చెప్పకపోతే పని ఎటూ పోతుంది, చెబితే పేరు కూడా పోతుంది. దేవుడు చెవులిచ్చింది ఎందుకు, వాటితోనే బతికేవాడి దగ్గర వెనక్కి తీసుకోవడం ఎందుకు? ఆయన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. అడగడం తప్పు కాదనుకుంటాను. అడిగాను.

అలా రెండు మూడు రోజులు నలిగాక ఒక పొద్దున నామాలు ముగించి లేస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమిటండీ, ఇవాళ దీపం వెలిగించకుండానే దండం పెట్టేశారు?"

చూస్తే నిజంగానే వత్తి తెల్లగా ఉంది. అగ్గిపెట్టె నా మోకాలి పక్కనే ఉంది. మధ్యలో కళ్ళు తెరిచి దీపాన్ని చూసినట్టు కూడా నాకు గుర్తు. పసుపు రంగు వెలుగు, చిన్నగా కదులుతూ. అంత బాగా చూశాను దాన్ని.

మా ఆవిడ అగ్గిపుల్ల గీసి తనే వెలిగించింది. ఒంట్లో బాగా లేదా అని అడిగింది. బాగానే ఉంది, మీ తమ్ముడి దగ్గరికి వెళ్ళొస్తానన్నాను. కాఫీ కూడా తాగకుండానే బయల్దేరాను.

వాడు అప్పుడే తలుపులు తీస్తున్నాడు. వ్యానక్క పెట్టె ఇంకా అక్కడే ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ పెట్టె ఒకసారి విప్పరా అన్నాను. ఎందుకన్నాడు. చిన్న స్పీకరు మోగడం లేదన్నాను.

వాడి ముఖం మారిపోయింది. "ఆవిడ నేర్పించి పంపిందా? తీర్పు చెప్పమంటే పక్షం మారతారా బావా? నేను విన్నాను కదా. మీ ఎదురుగానే కదా విన్నాను."

"నువ్వు విన్నావు. నాకు మాత్రం వినపడలేదు."

"మీకెప్పుడు వినపడింది గనక? ఒక్క పాట సాంతం కూర్చున్నారా ఎప్పుడైనా?"

ఆ మాట సూటిగానే తగిలింది. వాడు గదిలో రెండుసార్లు తిరిగాడు. డబ్బాలోని స్క్రూలు ఊరికే చేత్తో కెలికాడు. అప్పుడు నేను పొద్దున దీపం సంగతి చెప్పాను. వెలగని దీపాన్ని చూశానని, మీ అక్క చెప్పకపోతే రాత్రి దాకా చూశాననే అనుకునేవాణ్ణని చెప్పాను. వాడు తిరగడం ఆపాడు. స్క్రూడ్రైవర్ అందుకుని పెట్టె వెనక పలక విప్పాడు.

తీగ ఊడి వేలాడుతోంది. కొస మీద ఎండిన టంకం ముత్యంలా మెరుస్తోంది.

వాడు టంకం కడ్డీ వేడి చేసి, తీగ అంటించి, ఊది, పలక బిగించాడు. పాట పెట్టి కళ్ళు తెరుచుకునే విన్నాడు. నేను పీట మీద ఉలిక్కిపడ్డాను. ఇస్సుమని గదంతా చిమ్మింది. గోడ అవతలికి ఇన్నేళ్ళూ రానిది అది.

"వస్తోందా?" అన్నాడు.

"వస్తోందిరా."

"నాకు మొన్న వచ్చినట్టే వస్తోంది బావా."

పాట ఆపేశాడు. ఆ తర్వాత తనంతట తనే వ్యానక్క పాట పెట్టి, పెట్టెకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఇందులో ఉందా అని అడిగాడు. రేకుల మీద వాన పడ్డట్టు ఆగకుండా ఉందని చెప్పాను. చాలాసేపు విన్నాడు. నాకు దుప్పటే వినిపిస్తోంది అన్నాడు. ఇన్నాళ్ళూ ఒక కాలం మనుషులందరికీ వాయించడం రాదన్నానే అని తనలో తాను నవ్వుకోబోయాడు, నవ్వు పూర్తిగా రాలేదు. ఏళ్ళ తరబడి హారన్ స్పీకర్ల ముందు తలపెట్టి పరీక్షించిన ఫలితమేమో ఇది, డాక్టరుకి చూపిద్దామన్నాను. చూపిద్దాం అన్నాడు. మరి పని సంగతి అన్నాడు. చేతులు నీవి, చేతులకేమీ కాలేదు, బిగించాక ఆఖరి పరీక్షకి గోడ మీద ఒక్క దెబ్బ కొట్టు, నేను వస్తాను, నువ్వు చెయ్యి, నేను వింటాను అన్నాను. వాడికి కంఠతా వచ్చిన పాట మాత్రం పరీక్షకి పనికిరాదని కూడా చెప్పాను.

"మీరు వింటారా? మేకుల డబ్బా పిలిస్తే పరిగెత్తరూ?"

నేను లేచి వెళ్ళి డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ పీట మీద కూర్చున్నాను. నీ పాట మొదటి నుంచి పెట్టు అన్నాను.

పాట మొదలైంది. వాడు నా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ముందు కాళ్ళు లాగాయి, తర్వాత వీపు. గిటారు నిజంగానే ఎంతకీ ముగియదు, ఆ విషయంలో వ్యానక్క మాటే రైటు. నా దుకాణం ముందు ఎవరో "లోపలెవరండీ" అని పిలిచారు. మరోసారి పిలిచారు. మా వాడు ఓరగా నా వంక చూశాడు. నేను కదల్లేదు. పళ్ళెం మోగినప్పుడల్లా వాడి మోకాలి మీద వేలితో తాకించాను. మొదట్లో ఆలస్యమైంది, తర్వాత చెయ్యి అందుకుంది. వాడు కళ్ళు మూసుకోలేదు. నా వేలినే చూస్తున్నాడు.

పాట అయిపోయింది. బయట పిలిచినవాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు.

"నడుమ ఒకటి వదిలేశారు బావా" అన్నాడు. "రెండో చరణం అయ్యాక. చిన్నదే."

"అయితే బాకీ తీరనట్టేనా?"

వాడు లేచి, ఒళ్ళు దులుపుకుని, నా ఒళ్ళోంచి మేకుల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"తీరింది లెండి."